విండోస్ 10 అయిపోయింది సరే, నా షాపు సిస్టములు ఏం చేయమంటారు?

కర్నూలురోడ్డు డీటీపీ (ఒంగోలు), ఆదివారం రాత్రి 9:40

అందరికీ నమస్కారం. నాకు ఒంగోల్లో చిన్న డీటీపీ, జిరాక్స్ షాపుంది. పెళ్లి కార్డులు, కరపత్రాలు, ఆన్‌లైన్ అప్లికేషన్లు, ఏది వస్తే అది చేస్తాం. రెండు సిస్టములు. రెండూ ఐ3 నాలుగో తరం ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్, పాత హార్డ్ డిస్కులు, విండోస్ 10. దానికి 2025 అక్టోబర్ 14తో అప్‌డేట్లు ఆగిపోయాయని తెలుసు. షాపు నడుస్తోంది కదా అని పట్టించుకోలేదు. మొన్న మా అన్న కొడుకు వచ్చి "బాబాయ్, తలుపులు బార్లా తీసి పడుకున్నట్టుంది నీ వ్యవహారం" అని టెన్షన్ పెట్టి పోయాడు. విండోస్ 11 ఎక్కనంటోంది. టీపీఎం అనే భద్రతా చిప్పు లేదట, ప్రాసెసర్ పాతదట. రెండూ కొత్తవి కొనే పరిస్థితి లేదు.

విండోస్ బదులు ఉచితంగా దొరికే లినక్స్ వేసుకోమని కొందరు, అది మన పనికి రాదని కొందరు. నాకు కార్డులు డిజైన్ చేసే పేజ్‌మేకర్, తెలుగు కొట్టే అను ఫాంట్లు లేకపోతే షట్టర్ దించుకోవడమే. ఇంకో సందేహం. కొత్త విండోస్ మనం తెర మీద చేసేదంతా ఫొటోలు తీసి పెట్టుకుంటుందంటున్నారు, నిజమేనా?

పెన్నా పెంగ్విన్ (నెల్లూరు), రాత్రి 10:05

అన్నా, తొందరపడి ఏమీ కొనొద్దు. హార్డ్ డిస్కు తీసేసి దాని బదులు వేగంగా నడిచే ఎస్‌ఎస్‌డీ వేయించండి, ఇంకో 4 జీబీ ర్యామ్ పెట్టించండి. దాని మీద లినక్స్‌లోనే ఒక రకమైన లినక్స్ మింట్ వేస్తే ఆ ఐ3 ఇంకో అయిదేళ్లు లాగుతుంది. ముందు పెన్‌డ్రైవ్ నుంచే నడిపి చూసుకోవచ్చు. లోపల ఉన్నదేదీ చెరగదు.

ఫొటోలు తీసేదాని పేరు రీకాల్. 2024 మేలో ప్రకటించారు. కొన్ని సెకన్లకోసారి తెరను బొమ్మ తీసి దాస్తుంది. రేపు మీరు "ఆ ఎర్ర కార్డు డిజైన్ ఎక్కడ" అంటే వెతికి పెడుతుంది. దాచే పద్ధతి డొల్ల అని భద్రత తెలిసినవాళ్లు గోల చేస్తే ఆపి, ఎన్‌క్రిప్షన్ (తాళం లేనివాడు చదవలేని రాత) పెట్టి, మనం ఒప్పుకుంటేనే పనిచేసేలా మార్చి 2025 ఏప్రిల్‌లో వదిలారు. అదీ ప్రత్యేకమైన చిప్పు, 16 జీబీ ర్యామ్ ఉన్న కొత్త సిస్టముల్లోనే. మీ ఐ3కి దాని గాలి కూడా సోకదు.

కానీ ఇప్పుడున్నదేమన్నా తక్కువా? విండోస్ 10 హోమ్‌లో మైక్రోసాఫ్ట్‌కి మన సిస్టం సమాచారం పంపే డయాగ్నొస్టిక్స్ సెట్టింగు తెరవండి. తప్పనిసరి సమాచారం, ఐచ్ఛిక సమాచారం, ఈ రెండే ఉంటాయి. "అసలేమీ పంపొద్దు" అనే మీట లేదు. అది కంపెనీలు కొనే ఎంటర్‌ప్రైజ్‌లో ఉంది. 2026 అక్టోబర్ 13 దాకా అదనపు అప్‌డేట్లు ఇస్తామన్నారు. డబ్బు కట్టకుండా కావాలంటే మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయి సెట్టింగులు వాళ్ల క్లౌడ్‌లో దాచాలి. లేదంటే 30 డాలర్లు, లేదా వాళ్ల రివార్డ్ పాయింట్లు వెయ్యి. ఏ దారిలో వెళ్లినా ఖాతా తప్పదు. కొత్త తాళం ఇస్తాం, ఒక చెవి మా దగ్గరుంచు అన్నట్టు.

ట్రంకురోడ్డు మెకానిక్ (నెల్లూరు), రాత్రి 10:31

తమ్ముడి ఉపన్యాసం బాగుంది. నేను 18 ఏళ్లుగా ట్రంకు రోడ్డు పక్క సందులో ఇవే బాగుచేస్తున్నాను. లినక్స్ వేసి పంపిన షాపులవాళ్లలో సగం మంది వారం తిరక్కుండా సీపీయూ చంకలో పెట్టుకుని వచ్చారు, మళ్లీ పాతదే వేసియ్యమని.

ఎందుకంటే పేజ్‌మేకర్ 7 వచ్చింది 2001లో. దాన్ని అమ్మే అడోబ్ కంపెనీ ఎప్పుడో వదిలేసి ఇన్‌డిజైన్ అనే ఇంకోదాన్ని పట్టుకుంది. మన జిల్లాల్లో మాత్రం ఓణీల ఫంక్షన్ కార్డు నుంచి పెద్దకర్మ కార్డు దాకా ఇంకా దాంట్లోనే పడుతోంది. అను ఫాంట్లు యూనికోడ్ (అన్ని సిస్టముల్లో ఒకేలా చదవగలిగే అక్షరాల పద్ధతి) కాదు. ఫాంటు లేని సిస్టంలో ఆ ఫైలు తెరిస్తే తెలుగు ఉండదు, పిచ్చి ఇంగ్లిషు గుర్తులు ఉంటాయి. ఇరవై ఏళ్ల డిజైన్లు ఆయన ఎక్కడ పెట్టుకోవాలి? వేలిముద్ర మిషను లినక్స్‌లో పలుకుతుందా? ప్రింటర్ డ్రైవర్ ఎవరిస్తారు?

సిద్ధాంతం నీది. షట్టర్ ఎత్తేది ఆయన.

పొదిలి పొగాకు (పొదిలి), రాత్రి 10:33

కుర్చీ వేసుకుని కూర్చున్నా. కానివ్వండి.

పెన్నా పెంగ్విన్, రాత్రి 10:58

మెకానిక్ అన్నా, పాత ఫైళ్ల సంగతి ఒప్పుకుంటా. కొత్త పనికి మాత్రం దారి ఉంది. పేజ్‌మేకర్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్ స్క్రైబస్ 1.6, 2024 జనవరిలో వచ్చింది, తెలుగు ఒత్తులు సరిగ్గా పడతాయి. మండలి, రామభద్ర, మల్లన్న లాంటి యూనికోడ్ ఫాంట్లు ఉచితం. డీటీపీ వాళ్ల చేతికి అలవాటైన యాపిల్ కీబోర్డు (తెలుగు అక్షరాల అమరిక) కూడా లినక్స్‌లో ఎం17ఎన్ అనే ప్యాకేజీలో ఉంది. వేళ్లు కొత్తగా నేర్చుకోనక్కర్లేదు.

వేలిముద్ర మిషను సంగతి మీరన్నదే నిజం. దానికి విండోస్ గానీ ఆండ్రాయిడ్ ఫోను గానీ ఉండాల్సిందే.

సాగరకట్ట (ముత్తుకూరు), సోమవారం ఉదయం 6:12

ఏందయ్యా ఈ గోల. రాత్రంతా ఏరియేటర్ల కాడ కూర్చుని ఇదంతా చదివా. ప్రైవసీ ప్రైవసీ అంటున్నారు, రొయ్యల చెరువు చేసుకునేవాడి దగ్గర ఏముంటుందని ఎవడో అమెరికాలో కూర్చుని చూస్తాడు? నా ఫోను ఎవడికైనా ఇస్తా, చూసుకోమను. దాచుకునేది ఉన్నవాడికే ఇవన్నీ.

మూడో బెంచి (పొదలకూరు), ఉదయం 7:50

సాగరకట్ట అన్నా, మీ నాన్నగారు కూడా చెరువు చేసేవారని పాత చర్చలో రాశారు. మరి మీ చెరువులో తెల్లమచ్చ రోగం కనబడిన రోజు ఆ సంగతి కొనే ఏజెంటుకి ముందే చెబుతారా? రేపు తెల్లారేసరికి పట్టేయకపోతే సరుకు మిగలదని వాడికి తెలిస్తే వంద కౌంటుకి (కిలోకి వంద తూగే రొయ్యలకి) ఎంత ధర చెబుతాడు? రహస్యం తప్పు చేసినవాడికే ఉండాలని ఏం లేదు. బేరం ఆడేవాడికీ ఉండాలి. మీ అప్పు, మీ చెరువు, మీ ఇంట్లో జబ్బు, ఇవన్నీ తెలిసినవాడి ముందు మీరు బేరం ఆడలేరు.

ఇంకో సంగతి చెబుతాను. మా మేనత్తది చేజర్ల వైపు పల్లె. ఒక్కతే ఉంటుంది. రెండేళ్ల క్రితం అరెకరం అమ్మి రిజిస్ట్రేషన్ చేసింది. ఆ తర్వాత మూడు నెలలకు ఆమె బ్యాంకు ఖాతాలోంచి 9,500 పోయాయి, రెండు రోజుల్లో ఇంకో 9,500. ఆమెకు స్మార్ట్‌ఫోను లేదు. ఓటీపీ అడగలేదు, ఎవరూ ఫోను చేయలేదు. ఆధార్ నంబరు, బ్యాంకు పేరు, వేలిముద్ర, ఈ మూడూ ఉంటే ఏజెంట్ల దగ్గరుండే చిన్న మిషను, మైక్రో ఏటీఎంలో డబ్బు వస్తుంది, ఒక్కసారికి 10,000 దాకా. ఆమె ఎక్కడికీ పోలేదు, ఆమె వేలు మాత్రం ఎక్కడో డబ్బు తీసింది. ఇది వింత కాదు. 2018లోనే పెద్దపల్లి జిల్లాలో ఒకతను రిజిస్ట్రేషన్ పత్రాల మీది వేలిముద్రలతో రబ్బరు అచ్చులు చేసి సిమ్ కార్డులు యాక్టివేట్ చేసి దొరికాడు.

మేం సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోను చేసి, మూడు పనిదినాల్లోపే బ్యాంకులో రాసిచ్చాం. 2017 రిజర్వ్ బ్యాంకు సర్క్యులర్ ప్రకారం మన తప్పు లేకుండా డబ్బు పోతే, అంతలోపు చెబితే ఖాతాదారు మీద భారం పడదు. ఆ కాగితం చేతిలో పెట్టుకుని తిరిగితేనే నాలుగు నెలలకు డబ్బు వెనక్కొచ్చింది. తర్వాత ఆధార్ వెబ్‌సైట్‌లో ఆమె వేలిముద్రలు లాక్ చేశాను. చేశాక కొత్త తంటా. ఒకటో తారీఖు పింఛను ఇచ్చే పిల్ల ఇంటికొచ్చి మిషను పెడితే వేలు పడదు. అన్‌లాక్ చేయాలంటే ఓటీపీ కావాలి, ఆ నంబరు నా ఫోనులో ఉంది, నేను క్లాసులో ఉంటాను. నెలకోసారి ఈ నాటకం.

ఆ రిజిస్ట్రేషన్ పత్రం కాపీలు ఎన్ని చోట్ల ఉన్నాయో మాకు ఇప్పటికీ తెలియదు. అందుకే డీటీపీ అన్నను ఒకటి అడుగుతున్నాను. విండోసా లినక్సా తర్వాత. మీ డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లో ఏముంది?

కావలి పాసింజరు (ప్రస్తుతం బెంగళూరు), ఉదయం 9:15

అసలు ఆండ్రాయిడ్ వాడుతూ కంప్యూటర్ ప్రైవసీ మాట్లాడటమే హాస్యం. పిక్సెల్ ఫోను కొని, గోప్యత కోసం చేసిన గ్రాఫీన్ ఓఎస్ వేసుకోండి. వాట్సాప్ తీసేసి సిగ్నల్ యాప్‌కి రండి. వాట్సాప్‌లో మాట ఎన్‌క్రిప్ట్ అయినా ఎవరితో ఎప్పుడు మాట్లాడామన్నది వాళ్లకు తెలుస్తూనే ఉంటుంది.

ట్రంకురోడ్డు మెకానిక్, ఉదయం 9:22

అబ్బయ్యా, జిరాక్స్ షాపు గోడ మీద "ఫైళ్లు సిగ్నల్‌లో పంపండి" అని రాస్తే పక్క షాపాయన నీకు దండేస్తాడు.

కర్నూలురోడ్డు డీటీపీ, మధ్యాహ్నం 2:47

టీచరమ్మా, భోజనాల వేళ షాపు ఖాళీగా ఉంటే చూశాను. కాసేపు చేతులాడలేదు.

కౌంటర్ సిస్టంలో డౌన్‌లోడ్స్‌లో 11,206 ఫైళ్లున్నాయి. 2019 నుంచి. ఇన్నేళ్లలో నేను ఒక్కసారి కూడా దాన్ని పైనుంచి కిందదాకా చూడలేదు. పేర్లు ఇట్లా ఉన్నాయి: "ఆధార్", "ఆధార్ (2)", అలా పోతూ పోతూ "ఆధార్ (418)". "అమ్మ పాన్ ఫైనల్", "అమ్మ పాన్ ఫైనల్ ఫైనల్". హాల్ టికెట్లు, బ్యాంకు పాసు పుస్తకాలు, పట్టాదారు పుస్తకాలు. ఒకామె విడాకుల పిటిషను, పూర్తిగా, పదకొండు పేజీలు. ఒకాయన రక్తపరీక్ష రిపోర్టు. ఆయన మా వీధే. ఆ రిపోర్టులో ఉన్నది నాకు తెలియాల్సింది కాదు. పొరపాటున తెరిచాను, మూసేశాను. రేపు ఎదురుపడితే ఆయన మొహంలోకి ఎట్టా చూడాలో తెలీదు.

వాట్సాప్ వెబ్ రోజంతా తెరిచే ఉంటుంది. మా కుర్రాడికి, సాయంత్రం వచ్చే పార్ట్‌టైం పిల్లాడికి, ఎవరికైనా ఆ సిస్టం పాస్‌వర్డ్ ఒకటే. షాపు పేరు, 123.

నేను మైక్రోసాఫ్ట్ ఫొటోలు తీస్తుందా అని అడిగాను నిన్న.

పొదిలి పొగాకు, మధ్యాహ్నం 2:51

అన్నా, ఆ పాస్‌వర్డ్ ఇక్కడ రాసేశావు.

కర్నూలురోడ్డు డీటీపీ, మధ్యాహ్నం 2:53

మార్చేశా.

లాయర్‌పేట, లాయర్ని కాదు (ఒంగోలు), సాయంత్రం 5:30

పేరులోనే చెప్పాను, సలహా మాత్రం ఉచితం. 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది జడ్జీల ధర్మాసనం వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కని తేల్చింది. ఆ తర్వాత ఆరేళ్లకు 2023లో డేటా రక్షణ చట్టం వచ్చింది. నిబంధనలు 2025 నవంబర్లో వచ్చాయి. అసలు బాధ్యతలు అమల్లోకి రావడానికి ఇంకో 18 నెలలు గడువిచ్చారు. ఆ చట్టంలో ఇంట్లో సొంతానికి వాడుకునే సమాచారానికి మినహాయింపుంది, వ్యాపారానికి లేదు. పని అయిపోయాక డేటా చెరిపేయాలన్నది అందులో మూల సూత్రం. రేపే ఎవరో వచ్చి డీటీపీ గారి షట్టర్ ముందు నిలబడతారని కాదు. కానీ ఆ 11 వేల ఫైళ్లు ఆయనవి కావు. ఆయన దగ్గర మిగిలిపోయినవి.

ఇక్కడ ఒక తమాషా కూడా ఉంది. 2022 మే నెలాఖర్లో ఆధార్ సంస్థ బెంగళూరు కార్యాలయం ఒక ప్రకటన ఇచ్చింది, ఆధార్ జిరాక్సు ఎవరికి పడితే వాళ్లకివ్వొద్దు, నెట్ సెంటర్లో ఈ-ఆధార్ దింపితే ఆ కాపీ పూర్తిగా చెరిపేయించండి అని. జనం కంగారు పడ్డారని రెండు రోజులకే వెనక్కి తీసుకున్నారు. దేశంలో ఆధార్ మీద అంత సూటిగా వచ్చిన మాట అదొక్కటే అనిపిస్తుంది నాకు, అదీ రెండు రోజులే బతికింది.

ఆ ఈ-ఆధార్ పీడీఎఫ్‌కి పాస్‌వర్డ్ ఉంటుంది కదా అంటారేమో. పేరులో మొదటి నాలుగు ఇంగ్లిషు అక్షరాలు, పుట్టిన ఏడాది. ఫైలు పేరు చూస్తేనే సగం తెలిసిపోతుంది.

పెన్నా పెంగ్విన్, సాయంత్రం 6:10

ముందు విండోస్‌లోనే ఒక పని చేయండి అన్నా. సెట్టింగ్స్‌లో స్టోరేజ్ సెన్స్ అని ఉంటుంది. అందులో డౌన్‌లోడ్స్‌లో తెరవకుండా పడున్న ఫైళ్లను ఒక రోజు, 14 రోజులు, 30, 60 రోజుల తర్వాత దానంతటదే తీసేయమని పెట్టొచ్చు. ఒక రోజు పెట్టండి. డిజైన్లు దాంట్లో ఉంటే ముందు వేరే చోటికి మార్చుకోండి, లేకపోతే కార్డులన్నీ పోయి నన్ను తిడతారు.

కానీ ఒక మాట. డిలీట్ కొట్టగానే పోదు. పాత హార్డ్ డిస్కులో పేరు పోతుంది, సరుకు అక్కడే ఉంటుంది, మీద ఇంకేదైనా రాసేదాకా. ఉచిత సాఫ్ట్‌వేర్లతోనే వెనక్కి తీయొచ్చు. మొత్తం డిస్కు మీద ఒకసారి సున్నాలు రాయించాలి.

మూడో బెంచి, సాయంత్రం 6:25

మరి నిన్న మీరే కదా హార్డ్ డిస్కు తీసేసి ఎస్‌ఎస్‌డీ వేయించమన్నారు. తీసేసిన డిస్కు ఎక్కడికి పోతుంది?

ట్రంకురోడ్డు మెకానిక్, రాత్రి 8:02

నా దగ్గరికి.

పొద్దున నుంచి ఇక్కడ ఏమీ రాయలేదు. టీచరమ్మ అడిగింది కాబట్టి చెబుతున్నా. ఎక్స్‌చేంజిలో వచ్చిన పాత డిస్కులు షాపులో అట్టపెట్టెలో వేస్తాం. ఇందాక లెక్కపెట్టా, 37. వీటిలో డాక్టరు గారి క్లినిక్‌లో పనిచేసినవి ఉన్నాయి, చిట్టీల ఆఫీసువి ఉన్నాయి. అడిగినవాళ్లకి క్విక్ ఫార్మాట్ కొట్టి అయిదొందలకో ఆరొందలకో ఇచ్చేస్తా. క్విక్ ఫార్మాట్ అంటే పేర్లు పోతాయి, సరుకు ఉంటుందని నాకు తెలుసు. తెలిసే ఇచ్చా. మొత్తం రాయించాలంటే ఒక్కో డిస్కుకి గంటలు పడుతుంది, అడిగిన కస్టమరు ఈ 18 ఏళ్లలో ఒక్కడు లేడు.

ఈ రాత్రి నుంచి ఒక పాత సిస్టం దానికే పెట్టా. రెండు డిస్కులు పెట్టా, చెరిగిపోతున్నాయి.

సాగరకట్ట, రాత్రి 8:40

మెకానిక్ అన్నా, పోయినేడు మా పాత ల్యాప్‌టాప్ నీ దగ్గరే మార్చా. దాంట్లో బ్యాంకు లోను కాగితాలు ఉండాయి, చెరువు లీజు అగ్రిమెంటు ఉంది. నా డిస్కు ఆ పెట్టెలో ఉందా, అమ్మేశావా?

ట్రంకురోడ్డు మెకానిక్, రాత్రి 8:44

నంబరుకి ఫోను చేస్తున్నా, ఎత్తు.

పొదిలి పొగాకు, రాత్రి 8:45

పొద్దున "నా ఫోను ఎవడికైనా ఇస్తా" అన్నది ఈయనేనా?

మూడో బెంచి, రాత్రి 8:58

ఆయన్ని వదిలేయండి. అడగడం మంచిదే.

కర్నూలురోడ్డు డీటీపీ, గురువారం రాత్రి 9:20

ఏం చేశానో చెబుతాను.

లోపలి సిస్టంకి నెట్ తీగ పీకేశా. విండోస్ 10, పేజ్‌మేకర్, అను అన్నీ దాంట్లోనే. బయట నుంచి ఏదీ రాదు, ఏదీ పోదు. ఫైలు ఇవ్వాలంటే ఒకే ఒక పెన్‌డ్రైవ్, దానికి ఎర్ర దారం కట్టా. కౌంటర్ దానికి ఎస్‌ఎస్‌డీ వేయించి లినక్స్ మింట్ ఎక్కించాం, పెంగ్విన్ తమ్ముడు ఫోనులో రెండు గంటలు నాతో ఉన్నాడు. తీసిన డిస్కు మెకానిక్ గారికి ఇవ్వలేదు, బీరువాలో పెట్టా. స్క్రైబస్‌లో "శ్రీరస్తు శుభమస్తు అవిఘ్నమస్తు" కొట్టి చూశా. ఘ కింద న ఒత్తు శుభ్రంగా పడింది. యాపిల్ కీబోర్డు కూడా వచ్చింది. కాకపోతే అనులో ఉన్న కార్డు ఫాంట్ల వయ్యారం వీటికి లేదు, పెళ్లివాళ్లు పట్టేస్తారు. వేలిముద్ర పనులకు మా కుర్రాడి పాత ఆండ్రాయిడ్ ఫోను విడిగా పెట్టాం. ప్రింటర్ కోసం రెండు రోజులు ఏడ్చాం, ఇప్పుడు పలుకుతోంది, రంగులది ఇంకా లేదు.

రోజూ షట్టర్ దించే ముందు వాట్సాప్ వెబ్ లాగౌట్, డౌన్‌లోడ్స్ ఖాళీ. మూడు రోజులుగా చేస్తున్నా.

ఇవాళ పొద్దున ఒకాయన వచ్చాడు. పాత గిరాకీ, చీమకుర్తి క్వారీలో పని. "అన్నా, పోయినేడు నీకు పంపించా కదా మా ఆవిడ ఆధారు, తీసి రెండు ప్రింట్లు ఇయ్యి, బస్సు టైమైంది" అన్నాడు. లేదన్నా. తీసేశానన్నా. ఆయన నన్ను చూసిన చూపు నేను బాకీ ఎగ్గొట్టినట్టుంది. "ఇన్నేళ్లు దాచావు, ఇప్పుడేం వచ్చింది నీకు" అన్నాడు. ఫోను పోయిందట, నంబరు మారిందట, కొత్త నంబరు ఆధార్‌కి ఎక్కించలేదు, ఓటీపీ రాదు, డిజీలాకర్ తెరుచుకోదు. ఆయన బీరువా నేనే అన్నమాట. మళ్లీ మాట్లాడకుండా ఎదురుగా ఉన్న షాపుకి పోయాడు. వాళ్ల దగ్గర ఉందట. అక్కడ తీసి ఇచ్చారు, రెండు నిమిషాల్లో.

ఇలాంటివాళ్లు రోజుకి అయిదారుగురు వస్తారు నాకు. వాళ్లకేం చెప్పాలి?

లాయర్‌పేట, లాయర్ని కాదు, రాత్రి 9:41

ముందు నంబరు ఎక్కించుకోమని పంపండి, ఆధార్ సెంటర్లో 75 రూపాయలు. మీ షాపులో ఒక చీటీ అంటించండి.

మూడో బెంచి, రాత్రి 9:50

చీటీ ఎవరూ చదవరు. మాస్క్‌డ్ ఆధార్ ప్రింటు తీసి లామినేషన్ చేసి చేతికివ్వండి, చివరి నాలుగు అంకెలే కనిపిస్తాయి. పర్సులో పెట్టుకుంటారు. మా మేనత్తకు అదే చేశాను, చాలాచోట్ల తీసుకుంటున్నారు. తీసుకోనిచోట గొడవ పడుతున్నాను.

కర్నూలురోడ్డు డీటీపీ, రాత్రి 9:58

లామినేషన్ మిషను ఉంది. రంగుల ప్రింటే రావట్లేదు. పెంగ్విన్ తమ్ముడూ, ఉన్నావా?

పెన్నా పెంగ్విన్, రాత్రి 10:01

ఉన్నా అన్నా. ప్రింటర్ వెనక మోడల్ నంబరు ఉంటుంది, ఫొటో తీసి పెట్టండి. ప్రింటర్ ఒక్కటే తీయండి, పక్కన కాగితాలేవీ పడకుండా.